పేరు మార్చుకున్న వైఫై

పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ గంట కూడా ఆగదు. అందుకే దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో నాలుగు లైన్ల స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) రాసుకున్నాను: కరెంటు పోగానే వైఫై, బ్లూటూత్ రెండూ కట్.

మొన్న అప్‌డేట్ వేసిన సాయంత్రమే విజయనగరం కంటోన్మెంట్‌లో మా ఇంట్లో కరెంటు పోయింది. బ్లూటూత్ బుద్ధిగా ఆగింది. వైఫై లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. అమ్మ కొవ్వొత్తి పట్టుకొచ్చి, "ఏటిరా, ఇంకా దాంతోటే కుస్తీయా?" అంది.

ఏం జరిగిందో రాసిపెట్టే లాగ్ ఫైలు చూస్తే అలాంటి డివైస్ లేదని ఉంది. నిన్నటిదాకా డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 అనే పేరుతో ఉన్న వైఫై కార్డు, డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 అయి కూర్చుంది! పీ పక్కన అంకె పీసీఐ బస్ (కార్డుల్ని కంప్యూటర్‌కి కలిపే దారి) నంబరు, ఎస్ పక్కనది స్లాట్. అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ) ఈ బస్‌ల లెక్క మార్చేసరికి పేరూ మారింది. పేర్లు నిలకడగా ఉండాలనే 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే ప్రోగ్రాం) ఈ పద్ధతి తెచ్చింది. నిలకడట!

సరే, స్క్రిప్ట్‌లో వైఫైని పేరు పెట్టి పిలిచిన తప్పు నాదే. బ్లూటూత్‌ని మొదటినుంచీ ఆర్‌ఎఫ్‌కిల్ అనే, రేడియోల్ని ఆపే కమాండ్‌తో ఆపుతున్నాను. దానికి కార్డు పేరుతో పనిలేదు, రేడియో రకం చెబితే చాలు. ఇప్పుడు వైఫైకీ అదే పెట్టాను. ఛార్జర్ పీకి చూస్తే లైటు ఆరింది. అసలు కరెంటు మాత్రం, నాలుగు రోజులైంది, పోవట్లేదు.