వెదర్, క్లైమేట్, మన కార్తెలు

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, భోగిమంట దగ్గర చేతులు కాచుకుంటూ మా బాబాయి అడిగారు: "ఇంత చలి పెడుతుంటే, భూమి వేడెక్కిపోతోందని పేపర్లలో ఎలా రాస్తారురా?" తికమక ఆయనది కాదు, మనం వాడే మాటది. ఇంగ్లీషులో వెదర్ అన్నా, క్లైమేట్ అన్నా, ఆఖరికి భూమిని చుట్టి ఉన్న గాలిపొరను చెప్పాలన్నా మన పత్రికలు చాలావరకు వాతావరణం అన్న ఒక్క మాటతోనే సరిపెడుతున్నాయి.

ఈ పూట, ఈ చోట ఉన్న ఎండ, వాన, గాలి, తేమ, ఇదంతా వెదర్. ఒక ప్రాంతంలో ఏ కాలానికి ఏది సహజమో ఏళ్ల తరబడి చూసి తేల్చినది క్లైమేట్. అందుకు ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును కొలతగా పెట్టుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు తీసిన లెక్క. క్లైమేట్‌కు మూలమైన గ్రీకు మాట క్లిమాకు వాలు అని అర్థం. సూర్యకిరణాల వాలు చోటును బట్టి మారుతుంది గనుక, ప్రాచీన గ్రీకులు భూమిని అడ్డపట్టీలుగా విభజించి, ఆ పట్టీలను ఈ పేరుతోనే పిలిచారు. మన భూగోళ పాఠాల్లో దీనికి శీతోష్ణస్థితి అన్న చక్కని మాట ఉంది. పరీక్ష రాసి వచ్చాక దాన్ని అక్కడే వదిలేశామన్నదే నా బాధ.

బాబాయికి మాత్రం నేను కార్తెలతో చెప్పాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత తరతరాల అనుభవం నుంచి వచ్చింది, అది క్లైమేట్ సంగతి. అదే కార్తెలో ఒక సాయంత్రం వడగళ్లు పడి తోటలో మామిడికాయలు రాలితే అది వెదర్. దానితో సామెత అబద్ధమైపోదు, అలాగే ఒక భోగినాటి చలితో భూమి వేడెక్కుతోందన్న మాటా అబద్ధం కాదు. మృగశిరలో రావలసిన తొలకరి ఒక ఏడు తప్పితే ఆ ఏటి వెదర్ అనుకోవచ్చు గాని, ముప్పై ఏళ్ల లెక్క తీసినప్పుడు తప్పడమే ఆనవాయితీగా కనిపిస్తే, మారింది క్లైమేటేనని ఒప్పుకోవాలి.

బాబాయి మంటలో ఇంకో పిడక వేసి, ఏటా ఏరువాక సాగిన తేదీని తాతయ్య గాదె తలుపు మీద చెక్కి ఉంచేవారని చెప్పారు. తెల్లవారాక ఇద్దరం వెళ్లి చూశాం. ఆ తలుపుకు ఎన్నిసార్లు రంగు వేశారో గాని, పొరల కింద రెండు గీతలు మాత్రం చేతికి తగిలాయి.