టోనీ ఫోర్డ్ సర్వీసు రికార్డు: 931 మ్యాచ్‌లు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ చరిత్రలో గోల్‌కీపర్లను మినహాయిస్తే అత్యధిక మ్యాచ్‌లు ఆడిన క్రీడాకారుడు టోనీ ఫోర్డ్. 1975 నుంచి 2001 వరకు ఆయన ఆడిన లీగ్ మ్యాచ్‌లు 931; గోల్‌కీపర్లను కలుపుకున్నా ఆయన కంటే ముందున్నది 1,005 మ్యాచ్‌ల పీటర్ షిల్టన్ ఒక్కరే. అయినా హన్మకొండలో శనివారం రాత్రుళ్లు ప్రీమియర్ లీగ్ చూసే మా మిత్రబృందంలో ఈ పేరు విన్నవారు లేరు. ఆ 931లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి శ్రేణిలో ఆడినది కాకపోవడమే అందుకు కారణం.

కార్యాలయంలో ఏళ్ల తరబడి ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు రాసినందువల్ల కాబోలు, ఆటగాడి రికార్డు పట్టికను కూడా నేను ఆ కళ్లతోనే చదువుతాను: ఎక్కడ చేరాడు, ఎక్కడికి బదిలీ అయ్యాడు, డిప్యుటేషన్ మీద వెళ్లి ఎన్నాళ్లున్నాడు. 1959లో తూర్పు తీరంలోని చేపల రేవు గ్రిమ్స్‌బీలో పుట్టిన ఫోర్డ్, 1975 అక్టోబరు 4న, 16 ఏళ్ల వయసులో, వాల్సాల్ జట్టు మీద సొంత ఊరి క్లబ్బు తరఫున మొదటిసారి మైదానంలోకి దిగారు. ఆ క్లబ్బు 1977లో నాలుగో డివిజన్‌కు పడిపోయి, 1979లో మూడో డివిజన్‌కు లేచి, మరుసటి ఏడాదే దాని విజేతగా రెండో డివిజన్‌కు చేరింది. ఈ ఎగుడుదిగుళ్లన్నిటిలోనూ ఆయన అక్కడే ఉన్నారు. మొదటి విడతలో 355 మ్యాచ్‌లు, 55 గోల్స్.

తరువాత సండర్‌లాండ్‌కు లోన్ మీద, అంటే డిప్యుటేషన్‌లాగా తాత్కాలికంగా వెళ్లి, 9 మ్యాచ్‌లు, స్టోక్ సిటీకి 112, వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్‌కు 114, మళ్లీ గ్రిమ్స్‌బీకి 68, బ్రాడ్‌ఫర్డ్ సిటీకి లోన్ మీద 5, స్కన్‌థార్ప్‌కు 76. ఆల్బియన్‌లో ఉండగా ఇంగ్లండ్ బి జట్టుకు, అంటే దేశపు రెండో వరుస జట్టుకు, కూడా ఆడారు. సీనియర్ జట్టు పిలుపు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఇంత వివరంగా లెక్క దొరకడానికి కారణం 1888లో మొదలైన ఆ లీగ్‌లో ఎంత చిన్న క్లబ్బు ఆడిన మ్యాచ్ అయినా నమోదు కావడం. మన దగ్గర హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జిల్లా పోటీలు జరిగితే, గెలిచిన జట్టు పేరు, గోల్ కొట్టినవాడి పేరు మరునాటి జిల్లా పేజీలో వస్తే గొప్ప. మ్యాచ్ అంతా రైట్ బ్యాక్‌గా, కుడివైపు రక్షణలో, పరుగెత్తినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. సింగరేణి జట్లలో ఏళ్లకేళ్లు ఆడిన కార్మికులకైనా తాము ఎన్ని మ్యాచ్‌లు ఆడామో చెప్పుకునే ఆధారం ఉంటుందని నేను అనుకోను.

అయితే ఫోర్డ్ పట్టికలోనూ ఒక ఖాళీ ఉంది. 1996లో ఆయన లీగ్ వెలుపలి క్లబ్బు బారోకు ఆడారు; ఆ ఆటలు 931లో కలవవు. సాధారణంగా ఆ వయసులో లీగ్ గడప దిగినవారు తిరిగి ఎక్కరు. ఆయన మాత్రం అదే ఏడాది, 37 ఏళ్ల వయసులో, స్టీవ్ పార్కిన్ మేనేజర్‌గా ఉన్న మాన్స్‌ఫీల్డ్ టౌన్‌లో చేరి 103 మ్యాచ్‌లు ఆడారు. గోల్‌కీపర్లు కాని ఆటగాళ్లలో అంతవరకు టెర్రీ పెయిన్ పేరిట ఉన్న 824 మ్యాచ్‌ల రికార్డును దాటింది అక్కడే. పార్కిన్ 1999లో రాచ్‌డేల్‌కు మారితే వెంట వెళ్లి అక్కడ మరో 89 ఆడారు. నేను ఎక్కువసేపు ఆగేది ఈ చివరి రెండు వరుసల దగ్గరే, ఎందుకంటే చాలామంది బూట్లు విప్పేసే వయసు దాటాక ఆయన ఆడిన మ్యాచ్‌లే 192. 2001 నవంబరులో, 42 ఏళ్ల వయసులో, పార్కిన్‌కు సహాయకుడిగా బార్న్స్‌లీకి వెళ్లడంతో ఆట ఆపేశారు.