తొమ్మిదో క్లాజు

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. పాత ఇంటి ఓనరుగారు సాయంత్రం వాట్సాప్‌లో పెట్టిన రెండు ముక్కలే బుర్రలో తిరుగుతున్నాయి. "క్లాజ్ 9 చూడండి." అంతే. డిపాజిట్‌లో 32,000 రంగుల ఖర్చు కింద పట్టుకుని, మిగతాది పంపేశారు.

చూశాను. ఇంగ్లీషులో ఉన్న వరసలోనే తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "రంగుల ఖర్చు, ఒక నెల అద్దె ఓనరు పట్టుకోవచ్చు, అద్దెకున్నవారు పదకొండు నెలలు నిండకముందే ఖాళీ చేసినట్లయితే." మేము పదకొండు నెలలకోసారి రెన్యువల్ చేసుకుంటూ ఏళ్ల తరబడి ఉన్నాం. (ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే ఊరంతా ఈ పదకొండు నెలల లెక్క.) ఆ చివరి షరతు రెండింటికీ వర్తిస్తుందని నేనంటాను. నెల అద్దెకే వర్తిస్తుంది, రంగులు ఎప్పుడైనా మీ నెత్తినే అని ఆయన అంటారు. గోడలకు మేకులు కొట్టింది మేమే, కాదనను. కానీ బిల్లు లేదు, ఏ గదికి ఎంతయిందో లేదు. "క్లాజ్ 9 చూడండి" అంటే చాలా?

రాత్రి అన్నాల దగ్గర చిన్నదాని ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం పక్కనే తెరిచి ఉంది. మెయిన్ క్లాజ్ కింద ఒక గీత, సబార్డినేట్ క్లాజ్ కింద రెండు గీతలు గీయాలట. కర్తా క్రియా రెండూ ఉంటేనే క్లాజు, సొంతంగా నిలబడలేనిది సబార్డినేట్ అని గడగడా అప్పజెప్పింది. అది పడుకున్నాక నేను అగ్రిమెంటు తీసి పెన్సిల్‌తో గీతలు గీశాను. రెండు గీతలది దొరికింది. అది ఏ మాట మీద ఆనుకుని ఉందో మాత్రం ఆ కాగితంలో లేదు.

ఈయన ఊరుకోబెట్టబోయి అమెరికా సంగతి ఒకటి చెప్పారు. మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చట్టంలో ఉంది. ఆ కేసు నాటికి దాని చివర ఒక కామా లేదు. "రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడం" అనేది ఒకే పనా, లేక ప్యాకింగ్ వేరు, పంపిణీ వేరా? పంపిణీ వేరే పనైతే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ రాదు, అందుకే పాల కంపెనీ డ్రైవర్లు కోర్టుకెక్కారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. రెండర్థాలొచ్చే షరతును రాసినవాళ్లకు వ్యతిరేకంగా చదవాలనే పాత సూత్రం మన కోర్టుల్లోనూ ఉందట. వినడానికి బాగుంది. 32,000 కోసం కోర్టు మెట్లు ఎక్కేదెవరు?

అసలు అగ్రిమెంటు తెలుగులో రాసుకుంటే ఈ గొడవే ఉండదు అనిపించింది. "వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి" అని బళ్లో చేదర్థకం నేర్చుకున్నవాళ్లం. మనకు షరతు ముందొస్తుంది, ఫలితం తర్వాత. "ముందే ఖాళీ చేస్తే రంగుల ఖర్చూ, నెల అద్దే పట్టుకుంటాను" అని ఉంటే ఇంక వాదనేముంది? ఇలా అనుకుంటూ ఉంటే అమ్మమ్మ దస్తావేజు గుర్తొచ్చింది.

పెరడు సగం పక్కింటివాళ్లకు అమ్మిన రోజు అది. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో దస్తావేజు లేఖరి గారు చదువుతున్నారు. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. "సదరు స్థలమును దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో మీరును మీ వంశీకులును" అంటూ ఊపిరి బిగబట్టి లాగుతున్నారు. తూర్పు హద్దు అయింది, దక్షిణం అయింది. అమ్మమ్మకు చదువు రాదు. బల్ల చివర కూర్చుని కళ్లు మూసుకుని వింటోంది. హద్దులన్నీ అయ్యాక కళ్లు తెరిచి "ఆగండి, బావి సంగతి చదవలేదు" అంది. బావి అమ్మేసిన సగంలోకి పోయింది మరి. "నీళ్లు తోడుకోవద్దని ఎవరన్నారండీ, అనుకున్నాం కదా" అన్నాడు కొనేవాళ్లబ్బాయి. "అనుకుంది నువ్వూ నేనూ అబ్బాయ్. రేపు నీ కొడుకూ నా మనవరాలూ ఏమనుకుంటారో" అంది.

లేఖరి గారు విసుక్కోలేదు. రెండు వరసల మధ్య సన్నటి అక్షరాలతో బావి హక్కు రాశారు. అలా మధ్యలో చేర్చిన ప్రతి మాట దగ్గరా రాసిచ్చేవాళ్ల సంతకం ఉండాలి, లేకపోతే రిజిస్ట్రారు వెనక్కి పంపొచ్చు. అమ్మమ్మ అక్కడ వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరాను జుట్టుకు రాసుకుంది.

కాబట్టి తెలుగైనంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఆ దస్తావేజు వాక్యం నా తొమ్మిదో క్లాజుకు పదింతలు ఉంటుంది, అందులో తప్పిపోయే చోట్లు కూడా ఎక్కువే. అక్కడ సంతకాలకు ముందే ఒకరు పైకి చదివారు, ఇంకొకరు ఆపారు, కాగితం మారింది. నేనూ ఆపాను. సంతకానికి ముందే ఈ క్లాజు చూపించి "ఇది దేనికి వర్తిస్తుంది?" అని బ్రోకర్‌ని అడిగాను. "స్టాండర్డ్ ఫార్మాట్ మేడమ్, అందరిదీ ఇంతే" అన్నాడు. మారుద్దామంటే ప్రింట్ అయిపోయిందన్నాడు. నన్ను ఇంతసేపు కూర్చోబెట్టింది ఆ మాటే. రెండు వైపులా సంతకాలు కావాలి గానీ, ఒక వైపు నుంచి అక్షరం కూడా చేరకూడదట. పైగా ఆ వాక్యం ఓనరుగారు కూడా రాసింది కాదు. ఎక్కడిదో ఫైలు, పేర్లు మార్చారు. దానికి అర్థం చెప్పగలిగినవాళ్లు మా ఇద్దరిలో ఎవరూ లేరు.

రేపు ఆయనకు మెసేజ్ పెట్టను, ఫోనే చేస్తాను. పెయింటర్ బిల్లు అడుగుతాను. మేకుల కన్నాలకు ఎంతైతే అంత ఇస్తానని చెబుతాను. కొత్త ఇంటి అగ్రిమెంటు ఆదివారం వస్తోంది, అదే ఫార్మాట్‌లో. రంగుల షరతు దగ్గర పెన్నుతో నా వాక్యం రాస్తాను, పక్కన ఇద్దరి పొడి సంతకాలూ పడాలి. కుదరదంటే అడ్వాన్స్ ఇవ్వొద్దని ఈయనకు ఇప్పుడే చెప్పాను. సగం నిద్రలో సరే అన్నారు. పొద్దున మళ్లీ చెప్పాలి.