ఆకుపచ్చ వరసలో ఖాళీ డేటాబేస్

రాజమండ్రిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి సర్వర్ నేనే చూస్తాను. పేషెంట్ల పేర్లు, రిపోర్టులు, బిల్లులు అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే. ఒక శనివారం రాత్రి ల్యాబ్ మూశాక సర్వర్ ఓఎస్ ఉబుంటుని 20.04 నుంచి 22.04కి మార్చాను. అంతా సాఫీగా సాగింది. చివర్లో, పాత ప్యాకేజీలు తీసేయమంటారా అని అడిగింది. సరేనన్నాను.

రీస్టార్ట్ అయ్యాక డేటాబేస్ అందట్లేదంది అప్లికేషన్. పోస్ట్‌గ్రెస్ క్లస్టర్లని, అంటే డేటాబేస్‌ల గుంపుల్ని, చూపించే పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కమాండ్ కొడితే రెండు వరసలు వచ్చాయి. 12 మెయిన్, పోర్టు 5432, ఎర్రగా: డౌన్, బైనరీస్ మిస్సింగ్, అంటే నడిపే ప్రోగ్రామే లేదు. దాని కింద 14 మెయిన్, పోర్టు 5433, ఆన్‌లైన్, ఆకుపచ్చగా. లోపలికెళ్లి చూస్తే ఒక్క టేబుల్ లేదు. చేతులు చల్లబడ్డాయి.

20.04తో వచ్చేది పోస్ట్‌గ్రెస్ 12, 22.04తో వచ్చేది 14. ఉబుంటులో ప్యాకేజీలు పెట్టి, తీసే ఆప్ట్ కొత్త ప్రోగ్రాం పెట్టి, పక్కన ఒక ఖాళీ క్లస్టర్ తెరిచింది. పాత డేటాని దానంతట అది కొత్తదాంట్లోకి మార్చదు. నేను సరేననగానే పాత ప్రోగ్రాం తీసేసింది. డేటా ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోలేదు. కొలిచి చూస్తే 11 జీబీ అలాగే ఉంది. అదే పర్జ్ చేసి (ప్యాకేజీని సెట్టింగులతో సహా తుడిచేసి), డేటా కూడా తీసేయాలా అన్నదానికి అవునని ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ వదలదు.

పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) కలిపి 12ని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. పాత క్లస్టర్ లేచింది. ముందు పీజీ_డంప్ఆల్‌తో మొత్తం డేటా కాపీ (డంప్) తీసి ఇంకో మెషీన్‌లోకి పంపాను. తర్వాత ఖాళీ 14ని పీజీ_డ్రాప్‌క్లస్టర్‌తో తీసేసి, పాత క్లస్టర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్‌ని 12 మీద నడిపాను. దీన్లో డేటా కాపీ చేయకుండా పాత ఫైళ్లనే వాడే లింక్ పద్ధతి నిమిషాల్లో అయిపోతుంది కానీ, ఫైళ్లు రెండింటికీ ఉమ్మడి. కొత్త సర్వర్ ఒకసారి మొదలైతే పాతదానికి వెనక్కి వెళ్లలేం. అందుకే డేటా బయటికి తీసి మళ్లీ ఎక్కించే డంప్ పద్ధతే వాడాను. తొందరగా వెతకడానికి ఉండే ఇండెక్సులు కూడా కొత్తగా కట్టుకుంటుంది. ఇది చిన్న విషయం కాదు. అక్షరక్రమం ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ చేతిలో ఉంటుంది, 2018లో వచ్చిన 2.28లో అది బాగా మారింది. అలా క్రమం మారినచోట పాత ఇండెక్సునే ఉంచేస్తే, ఉన్న పేషెంటు పేరు వెతికినా దొరక్కపోవచ్చు.

14లో వచ్చే చిన్న వెర్షన్ల సంగతి వేరు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో వస్తాయి, డేటా ఫార్మాట్ మారదు, రీస్టార్ట్ చాలు. వాటిని ఆలస్యం చేయను. కాకపోతే పొద్దున శాంపిల్స్ తీసే వేళ రీస్టార్ట్ కాకుండా, పోస్ట్‌గ్రెస్‌ని ఆటోమేటిక్ అప్‌డేట్ల నుంచి తప్పించి రాత్రిపూట నేనే చేస్తాను.

ఓఎస్, డేటాబేస్ ఇక ఒకే రాత్రి మార్చను. 14కి మద్దతు 2026 నవంబరు వరకే. 17కి వెళ్లడానికి ల్యాబ్ మేడమ్ గారు కనుమ రోజు ఇచ్చారు. ఆ రోజు శాంపిల్స్ తక్కువ. ఈలోపు మొన్నటి డంప్‌ని మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద 17లోకి ఎక్కించి, రిపోర్టులు ఒక్కొక్కటీ తెరిచి చూస్తున్నాను.