పక్కన ఎవరూ లేరు మా

పోయిన శుక్రవారం సాయంత్రం బెంగళూరు కుందలహళ్లిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కాను. ఆఫీసులు వదిలే టైం, కాలు పెట్టే సందు లేదు. తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. హూడిలో ఒక అబ్బాయి ఎక్కాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. మెడలో ఐడీ కార్డు, వీపు మీది బ్యాగు తీసి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నోటి ముందు అడ్డంగా పట్టుకుని మాట్లాడుతున్నాడు. అవతల వాళ్లమ్మ.

"పక్కన ఎవరన్నా ఉండారా?" అని అడిగింది.

"ఎవరూ లేరు మా, చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు అతని మోచెయ్యి నా భుజానికి ఆనుకుని ఉంది.

ఆమె గొంతు తగ్గించింది. "మీ నాయనకు చెప్పొద్దురా. గొలుసు బ్యాంకులో పెట్టినా. మీ పిన్నమ్మను ముప్పై వేలు అడిగితే లేవనింది." ఆ 'లేవనింది' దగ్గర ఆమె గొంతు పట్టేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన తల దించుకున్నాడు. తలుపుకి అటువైపు నిలబడ్డ ఇద్దరమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ అర్థమైంది. మాది అనంతపురం, అచ్చం మా ఇంట్లో మాట్లాడే మాటే అది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి పీజీల నిండా మనవాళ్లే. ఇది బెంగళూరు కదా, తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటారు. ఈ లైన్లో సాయంత్రం పూట తెలుగు వినపడని పెట్టె నేనైతే చూడలేదు.

ఉండబట్టలేకపోయాను. "తమ్ముడూ, స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకో. మాకందరికీ తెలుగొచ్చు" అని మెల్లగా చెప్పాను. అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "సారీ అక్కా" అని, "మా, దిగినాక చేస్తా" అని కట్ చేశాడు. బయ్యప్పనహళ్లి వచ్చేదాకా తల ఎత్తలేదు. మంచి పిల్లాడే. తెలియక చేశాడు.

కర్ణాటక ఆర్టీసీ బస్సుల్లో ఫోన్ సౌండ్ గట్టిగా పెట్టకూడదని 2021లోనే హైకోర్టు చెప్పింది. కండక్టర్ చెప్పినా వినకపోతే బస్సు దింపేయొచ్చు కూడా. రైళ్లలో రాత్రి పది దాటాక ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు పెట్టకూడదు, గట్టిగా ఫోన్ మాట్లాడకూడదు అని 2022లో రైల్వే వాళ్లు ఆర్డర్ ఇచ్చారు. అవసరమైన రూల్సే, కాదనను. కానీ అవన్నీ చప్పుడు గురించి. ఆ రోజు ఆమె గొంతు చప్పుడు చాలా చిన్నది. నన్ను బాధపెట్టింది చప్పుడు కాదు. పక్కన ఎవరూ లేరని కొడుకు చెప్తే నమ్మి, కడుపులో మాట బయటపెట్టింది ఆవిడ. అంతమంది విన్నారని ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఫోన్ పాడైనవాళ్ల సంగతి వేరు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్‌లో ఇయర్‌పీస్ పనిచేయదు. స్పీకర్‌లో తప్ప మాట్లాడలేడు. అలాంటివాళ్ల మీద నాకు కోపం లేదు. పాపం ఆయన కూడా ఇంటికి ఫోన్ చేసినప్పుడు జనరేటర్ రూం వెనక్కి వెళ్తాడు.

ఆ రోజు నేను వెళ్తున్నది ఇందిరానగర్‌కి. మా పాత టీంలో నలుగురం ఆడవాళ్లం నెలకోసారి ట్వెల్త్ మెయిన్‌లో ఒక పబ్‌లో కలుస్తాం. అక్కడా ఇదే గొడవ. పక్క టేబుల్ వాళ్లు వీడియో కాల్‌లో ఎవరికో పబ్ చూపించాలని ఫోన్ గుండ్రంగా తిప్పుతారు. మా నలుగురిలో ఒకరిది ప్రొద్దుటూరు. కెమెరా ఇటు తిరగగానే తను మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. రెండేళ్ల కింద ముక్కూ మొహం తెలియనివాళ్ల రీల్‌లో వెనకాల తను కనపడింది. చేతిలో ఉన్నది నిమ్మకాయ సోడా. అది చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి వాళ్ల నాన్నకి చేరింది. ఆయన మూడు నెలలు మాట్లాడలేదు. ఆ రీల్ తీసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వాళ్ల పుట్టినరోజు వాళ్లు తీసుకున్నారు. వెనక టేబుల్ మీదున్నవాళ్లకీ ఒక ఇల్లుంటుందని తట్టలేదు, అంతే. కావాలని చేసేవాళ్లూ ఉన్నారు. 2025లో ఇదే మెట్రోలో ఆడవాళ్లని వాళ్లకి తెలియకుండా వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న పేజీ ఒకటి బయటపడి, పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. అప్పటినుంచి ఎదుటివాళ్ల ఫోన్ కొంచెం నిటారుగా కనిపిస్తే చాలు, నాకు టెన్షన్.

మేం నలుగురం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికి ఫోన్ వచ్చినా లేచి మెట్లు దిగి బయటికి వెళ్లాల్సిందే. టేబుల్ దగ్గర ఎత్తకూడదు. ఫొటో తీసుకోవాలంటే వెనక గోడ ఉన్న వైపు కూర్చుని తీసుకుంటాం.

ఆ శుక్రవారం తొమ్మిదింటికి ప్రొద్దుటూరు నుంచే ఫోన్ వచ్చింది. తను లేచి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే కింద కానుగ చెట్టు దగ్గర ఆటోల మధ్య అటూ ఇటూ నడుస్తోంది. ఒక చెవికి ఫోన్, ఇంకో చెవి వేలితో మూసుకుంది. గోబీ చల్లారిపోతుందని ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి పెట్టాం. పావుగంటకి పైకొచ్చింది.

"ఎక్కడున్నావని అడిగింది అమ్మ" అంది.

"ఏం చెప్పావు?"

"ఇక్కడే ఉన్నానని చెప్పేశా. పక్కన మీరు ముగ్గురూ ఉన్నారని కూడా చెప్పా."