ఎదుర్లంక రేవు దాటితే రిపబ్లిక్కే

1949లో ఎదుర్లంక దగ్గర పడవెక్కి గౌతమి దాటి యానాంలో దిగితే, రాజుగారి ఏలుబడి నుంచి రిపబ్లిక్‌లోకి వెళ్లినట్టే లెక్క. ఇవతల గట్టు డొమినియన్, అంటే బ్రిటిష్ కిరీటం కింద ఉంటూనే తన పాలన తనే చూసుకునే దేశం. స్వాతంత్ర్యం వచ్చినా 1950 జనవరి 26 దాకా కాగితం మీద మన దేశాధినేత బ్రిటన్ రాజు ఆరో జార్జే. అవతల గట్టు ఫ్రెంచి రిపబ్లిక్, రాజు ఊసే లేదు. మరి పాలన ఎవరి చేతిలో ఉంది? ఇవతల ఢిల్లీలో, మద్రాసులో మనవాళ్ల మంత్రివర్గాలు. అవతల ఆఖరి మాట పారిస్‌ది. జమీందారీల రద్దు చట్టాన్ని మద్రాసు శాసనసభ 1948లో, అంటే ఆ కాగితపు రాజు ఉండగానే చేసింది. పిఠాపురం లాంటి సంస్థానాలు దానికిందే పోయాయి.

కాబట్టి రాజు ఉన్నాడా లేడా అన్నది ఒక ప్రశ్న, ఆఖరి మాట ఎవరిదన్నది వేరే ప్రశ్న. సౌదీ లాంటి చోట రెంటికీ జవాబు ఒక్కడే. అక్కడ రాజు మంచివాడైనా చిక్కే, తర్వాత వచ్చేవాణ్ణి జనం దించలేరు.

బ్రిటన్‌లో ఆ రెండూ విడిపోవడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. అసలు మలుపు 1689 హక్కుల చట్టం: పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వెయ్యకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని పోషించకూడదు. ఖజానా తాళంచెవి చేజారాక కిరీటం ఎంత బరువుంటే ఏం లాభం? పార్లమెంటు బిల్లుకి కిరీటం కాదన్నది ఆఖరిసారి 1708లో, ఆన్ రాణి కాలంలో. ఇప్పటికీ సభలు మొదలయ్యే రోజు రాజు పంపిన అధికారి వస్తుంటే దిగువ సభ కామన్స్ తలుపు మొహం మీదే వేసేస్తారు. ఆయన కర్రతో మూడుసార్లు కొట్టాకే తీస్తారు. ఐదుగురు సభ్యుల్ని పట్టుకోడానికి మొదటి చార్లెస్ 1642లో సాయుధులతో లోపలికొచ్చిన సంగతి వాళ్లింకా మరిచిపోలేదు.

మన రాష్ట్రపతి కుర్చీ కూడా ఆ కొలతల్లో చేసిందే, కాకపోతే ఐదేళ్లకోసారి ఎన్నిక. 74వ అధికరణం ప్రకారం మంత్రివర్గం సలహాను ఒక్కసారి పునరాలోచనకు పంపొచ్చు. మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాల్సిందే.

నేపాల్ 1990 రాజ్యాంగం మాత్రం సైన్యాన్ని రాజు చేతికిందే ఉంచింది, చిక్కులు తొలగించే పేరుతో ఆదేశాలిచ్చే 127వ అధికరణాన్నీ ఆయనకే ఇచ్చింది. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని తీసేసి పగ్గాలు తనే పట్టాడు. 2008లో కిరీటమే పోయింది.

రాజు లేనిచోటా కన్నం ఉండొచ్చు. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని సలహా మీద రాష్ట్రపతి ఎమర్జెన్సీ పత్రంపై సంతకం పెట్టేశారు. మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. అందుకే 44వ సవరణ 352వ అధికరణంలో ఒక షరతు చేర్చింది: కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే సంతకం.