రుమటాయిడ్ వచ్చాక నా మనసుకేమైందంటే

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలేదాకా మా ఇంట్లో అందరూ చికున్‌గున్యా నొప్పులే అనుకున్నారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అందరికీ చేసినట్టే నాకూ చేశారు. చూడటానికొచ్చిన మా ఆయన వాళ్ళ పెద్దమ్మ మాత్రం నా ఎదురుగానే "ముప్పై ఏళ్ళకే కీళ్ళవాతం ఏంట్రా, పని తప్పించుకోవడానికి కాకపోతే" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. వయసుతో కీళ్ళు అరిగే జబ్బు కాదిది, ఒంట్లో రోగాన్ని ఆపాల్సిన శక్తే కీళ్ళ మీద పడుతుంది, పైగా ఆడవాళ్ళకే ఎక్కువ. ఇదంతా ఆవిడకి చెప్పే ఓపిక ఆరోజు లేదు.

ఒక రాత్రి మా ఆయన గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు. బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను, మళ్ళీ తీయబోతే వేళ్ళు వంగవు. మణికట్టుతో నెట్టాను, మోచేత్తో కొట్టాను, బయట పాప లేచి "అమ్మా" అని ఒకటే ఏడుపు. చివరికి టవల్ అంచు గడియకి చుట్టి పళ్ళతో లాగాను. రేపు దీనికి జడ ఎవరు వేస్తారు, నా జాకెట్టు హుక్కులు ఎవరు పెడతారు అని తెల్లారేదాకా కంటి మీద కునుకు లేదు.

మొదట చూసిన డాక్టరు కంప్యూటర్ మీంచి తలెత్తకుండా "జీవితాంతం ఉంటుంది, అలవాటు చేసుకోండి" అన్నాడు. అలా చెప్తారా ఎవరైనా? తర్వాత వెళ్ళిన రుమటాలజిస్టు (ఇలాంటి కీళ్ళ జబ్బులు చూసే డాక్టరు) మేడం కీళ్ళన్నీ నొక్కి చూసి, "నిద్ర పడుతోందామ్మా? ఏడుపొస్తోందా?" అని అడిగారు, అక్కడే ఏడ్చేశాను. ఈ జబ్బున్నవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువనీ, దాన్ని పట్టించుకోకపోతే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుందనీ చెప్పి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలి.

కౌన్సెలింగ్ అంటే పెద్ద తతంగమేం లేదు. ఒళ్ళు బాగున్న రోజు ఇల్లంతా దులిపి మర్నాడు మంచమెక్కకుండా, పనిని కాస్త కాస్తగా చేసుకుని నొప్పి మొదలవ్వకముందే కూర్చోమన్నారు. కూర్చుంటే ఎవరేమనుకుంటారో అన్న టెన్షన్ పోవడానికే నాకు నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దున చేతులు బిగుసుకుంటే వేడినీళ్ళలో పెట్టుకుంటాను, టీ మా ఆయనే పెడతారు. మొన్న ఆషాఢంలో బోనం మా ఆడపడుచు ఎత్తుకుంది, నేను పక్కన నడిచాను, అమ్మవారికి నా సంగతి తెలుసు.

మీ డాక్టరు అడగకపోయినా నిద్ర గురించి, దిగులు గురించి మీరే చెప్పండి. ఎవరో నాటుమందు చెప్పారని మాత్రలు ఆపకండి. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మందు రాస్తే అది వారానికి ఒక్కరోజే, ఏ రోజో చీటీ మీద పెద్దగా రాయించుకోండి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.